మన హామ్ రేడియో సంఘం, తిరుపతి: 2024-25 వార్షిక నివేదిక

(2025 జూన్ 15, ఆదివారం నాటి సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది)

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సమయానికి వచ్చి కూర్చున్న సభ్యులకు, ఈ నివేదిక సగం చదివాక వచ్చి వెనుక వరుసలో కూర్చోబోయే సభ్యులకు కూడా నమస్కారం.

మన నియమావళి ప్రకారం ఏడాదికోసారి కార్యదర్శి లేచి జరిగినదంతా చెప్పాలి. సంఘం ఎందుకు పెట్టుకున్నామో, హామ్ అంటే లైసెన్సు తీసుకుని సొంత వైర్‌లెస్ సెట్టుతో సరదాకు మాట్లాడే మనిషి అనో మీకు మళ్లీ చెప్పనక్కరలేదు. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పేస్తాను. గత ఏడాది నివేదికలో అందరి పేర్లు, కాల్‌సైన్లు (గాలిలో మనల్ని గుర్తుపట్టే అక్షరాలు), ఫోను నంబర్లు వేశాం. అది వాట్సాప్‌లో ఊరంతా తిరిగింది. ప్లాట్లు అమ్మేవారు, అప్పులిస్తామనేవారు మన పెద్దలను నెల రోజుల పాటు నిద్రపోనివ్వలేదు. అందుకని ఈసారి ఎవరి పేరూ రాయలేదు. పుత్తూరు తమ్ముడు అన్నా, రేణిగుంట పెద్దాయన అన్నా ఎవరో మీకు తెలుసు. ఫిబ్రవరి కొండ యాత్రకు రానివారి పేర్లు రాయకపోవడానికి కూడా ఇదే కారణమని వారు అనుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ఏడాది మొదటే ఆకాశం మనతో ఆడుకుంది. 2024 మే 10, 11 తేదీలలో వచ్చిన సౌర తుఫాను 2003 అక్టోబరు తరువాత అంతటి తీవ్రత గలది. లద్దాఖ్‌లోని హాన్లే దగ్గర ఆకాశం ఎర్రబడిన ఫొటోలు పత్రికల్లో చూసే ఉంటారు. ఆ ఆదివారం ఉదయం మన 40 మీటర్ల నెట్‌లో, అంటే ఆ పొడవు తరంగాల బ్యాండు మీద అందరం కలిసే వేళలో, ఒకరి మాట ఒకరికి అందలేదు. అది సూర్యుడి పని అని చెప్పే లోపే ఇద్దరు సభ్యులు రిగ్గులు (రేడియో సెట్లు) విప్పేశారు. ఒకరిది ఇప్పటికీ బిగించలేదు. సూర్యుడు తన పదకొండేళ్ల చక్రంలో గరిష్ఠ దశకు చేరుకున్నాడని అక్టోబరులో ప్రకటించారు. దాని లాభం కూడా మనకే దక్కింది. ఏళ్ల తరబడి మూగగా పడి ఉన్న 10 మీటర్ల బ్యాండు మధ్యాహ్నమంతా మాట్లాడుతోంది. ఇలాంటి రోజులు మళ్లీ రావాలంటే పదేళ్లు ఆగాలి. ఇంట్లో యాంటెనా పెట్టడానికి మేడ లేదు, ఇంటి యజమాని ఒప్పుకోలేదు అనే సభ్యులు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

ఆదివారం నెట్ ఏడాదిలో 52 వారాలకు 47 వారాలు నడిచింది. మిగిలిన ఐదు వారాలూ నెట్ నడపవలసిన వంతు ఎవరిదో పట్టికలో ఉంది. లైసెన్సు పరీక్ష తరగతికి పదకొండు మంది చేరారు. ఆరుగురు చివరిదాకా వచ్చారు, నలుగురు పరీక్ష రాశారు, ముగ్గురు నెగ్గారు. ముగ్గురివీ రెస్ట్రిక్టెడ్ గ్రేడు కాల్‌సైన్లే, అంటే వీయూ3తో మొదలయ్యేవి. జనరల్ గ్రేడుకు నిమిషానికి ఎనిమిది పదాల వేగంతో మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) రావాలి. దానికి రేణిగుంట పెద్దాయన బుధవారం సాయంత్రాలు ఉచితంగా నేర్పుతున్నారు. రైల్వేలో తంతి మీద ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి దొరకడం ఈ రోజుల్లో మామూలు సంగతి కాదు. ఆయన టీ కూడా తనే తెస్తున్నారు. కనీసం ఫ్లాస్కు మోయడానికైనా ఒకరు ముందుకు రావాలని మనవి.

డిసెంబరు 26న సునామీకి ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా ఒక సాయంత్రం మాట్లాడుకున్నాం. 2004లో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం ప్రపంచ హాములతో మాట్లాడటానికని పోర్ట్‌బ్లెయిర్ వెళ్లింది. సముద్రం పైకి వచ్చిన ఉదయం నుంచి ఆ సరదా స్టేషనే దీవులకు, దేశానికి మధ్య వార్తలు మోసింది. వీయూ4ఆర్‌బీఐ అనే ఆ కాల్‌సైన్ వింటే మన పాతవారు ఇప్పటికీ కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. ఆ సాయంత్రమే రేణిగుంట పెద్దాయన ఒక ప్రశ్న వేశారు: "కరెంటు, మేడ, టేబులు, కుర్చీ లేకుండా మనలో ఎంతమంది స్టేషను పెట్టగలరు?" ఎవరూ మాట్లాడలేదు. ఈ ఏడాది మనం చేసిన పెద్ద పని అక్కడే ఖాయమైంది.

కొండ యాత్ర

కొండెక్కి రేడియో మాట్లాడటం మనం కనిపెట్టింది కాదు. బ్రిటన్‌లో 2002 మార్చి 2న సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్ అనే పేరుతో మొదలై చాలా దేశాలకు పాకింది. నియమాలు తేలిక, పాటించడమే కష్టం. శిఖరం దాకా వాహనంలో పోకూడదు. సామాను మన వీపు మీదే రావాలి. జనరేటరు పనికిరాదు, బ్యాటరీయో సౌర ఫలకమో ఉండాలి. శిఖరానికి 25 మీటర్ల ఎత్తు తేడా లోపల కూర్చోవాలి. కనీసం నాలుగు వేర్వేరు స్టేషన్లతో మాట్లాడితేనే ఆ కొండకు పాయింట్లు వస్తాయి. పాయింట్ల మాట తరువాత చూద్దాం, ముందు ఈ నియమాల ప్రకారం ఒక్కసారి చేసి చూపిద్దామని కార్యవర్గం తీర్మానించింది.

ఏ కొండ అన్నది మొదటి చిక్కు. చుట్టూ ఏడు కొండలు పెట్టుకుని కొండ కోసం వెతకడం ఏమిటని బయటివారు నవ్వవచ్చు. శేషాచలం 2010 నుంచి జీవావరణ రక్షిత ప్రాంతం. ఎర్రచందనం చెట్లున్న అడవి. అందులోకి బ్యాటరీలు, వైర్‌లెస్ సెట్లు, పొడవాటి కర్రలతో తొమ్మిది మంది నడిచి వెళ్తే చూసినవారు ఏమనుకుంటారో వేరే చెప్పాలా? అయినా పద్ధతిగా అనుమతి అడిగాం. నాలుగు ఉత్తరాలు రాశాం, రెండుసార్లు స్వయంగా వెళ్లాం. మొదటిసారి సంబంధిత అధికారి శిబిరంలో ఉన్నారు. రెండోసారి మన దరఖాస్తు ఏ విభాగానికి చెందుతుందో తేలలేదు. కాదంటే కాదని చెప్పినా సంతోషించేవాళ్లం. అడవిని కాపాడేవారికి కాదనే హక్కు ఉంది. కానీ ఇప్పటికి ఐదు నెలలుగా మౌనంగా ఉండటాన్ని జవాబుగా లెక్కించడానికి నాకు మనసొప్పలేదు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను. ఉత్తరాల నకళ్లు దస్త్రంలో ఉన్నాయి.

చివరికి హార్స్‌లీ కొండ ఖాయమైంది. మన పాత చిత్తూరు జిల్లా కొండే, సముద్ర మట్టానికి 1,265 మీటర్లు. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర 1870లో ఇల్లు కట్టుకున్నాడని ఆ పేరు వచ్చింది గానీ, అంతకు ముందు నుంచీ అది ఏనుగు మల్లమ్మ కొండ. పైదాకా తారు రోడ్డుంది. ఇక్కడే రెండో చిక్కు వచ్చింది. రోడ్డుండగా నడవడం ఎందుకని సమావేశంలో ఏడుగురు అడిగారు. నియమం ప్రకారం చివరి భాగం నడిస్తే చాలు, కొండ కింది నుంచి నడవనక్కరలేదు, నిజమే. కానీ వరదలో ఘాట్ రోడ్డు తెగిన రోజు సామాను పైకి ఎలా చేరుతుందో తెలియాలంటే కింది నుంచి నడవాలని నేను పట్టుబట్టాను. 2021 నవంబరులో తిరుమల కనుమ దారిలో బండలు జారి పడినది, రాయలచెరువు కట్ట గురించి ఊళ్లకు ఊళ్లు రాత్రంతా మేలుకున్నది మరచిపోయే సంగతా?

జనవరిలో నాలుగు ఆదివారాలు శ్రీవారి మెట్టు దారిలో సాధన చేశాం. 2,388 మెట్లు. ఆ దారిలోకి రేడియో సెట్లు తీసుకెళ్లకూడదని మనమే నిర్ణయించుకుని, అంతే బరువుకు సంచుల్లో నీళ్ల సీసాలు నింపుకుని ఎక్కాం. ఒక్కొక్కరి వీపు మీద ఆరు కిలోలు. పక్కన ఎక్కుతున్న ఒక పెద్దావిడ ఆ సంచులు చూసి, "అంత బరువు ఏ మొక్కు నాయనా?" అని అడిగింది. మన కోశాధికారి గారు "రేడియో మొక్కమ్మా" అన్నారు. ఆవిడ "ఏ స్వామికైతేనేమి, మెల్లగా ఎక్కండి" అంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు పిల్లాజెల్లా ఎక్కే ఊరు మనది. ఆ ఊళ్లో ఉంటూ మోకాళ్ల నొప్పులు మన సంఘంలోనే ఇంతమందికి ఎలా వచ్చాయో నాకు అర్థం కాదు.

సామాను సంగతి పుత్తూరు తమ్ముడు చూసుకున్నాడు. పాత సీసం బ్యాటరీ ఒక్కటే రెండు కిలోల పైన తూగేది. దాని బదులు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కొన్నాం. యాంటెనా నిలబెట్టడానికి చేపలు పట్టే ఫైబర్ గేలం కర్రలు రెండు, ఒకదానిలో ఒకటి దూరి ముడుచుకునేవి. రెండు మీటర్ల బ్యాండుకు, ఒక దిక్కుకు గురిపెట్టే యాగీ యాంటెనాను అతను దుకాణంలోని స్టీలు కొలత టేపు ముక్కలతో, నీళ్ల పైపులతో చేశాడు. ఒక్కో ముక్క సుమారు మీటరు పొడవు. చెట్ల మధ్య నుంచి వెళ్లేటప్పుడు టేపు వంగుతుంది, బయటికి రాగానే తనే నిటారుగా లేస్తుంది. యాగీ అంటే ఏమిటని కొత్త సభ్యులు అడుగుతుంటారు. వారు ఒకసారి గాదంకి వెళ్లి వాతావరణ రాడారును బయటి నుంచైనా చూడాలి. అక్కడ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే యాగీలు 1,024 ఉన్నాయి. మనది ఒక్కటే గానీ మోయవలసిందీ మనమే.

2025 ఫిబ్రవరి 9, ఆదివారం. సమావేశంలో చేతులెత్తినవారు 27 మంది. తెల్లవారుజామున రెండున్నరకు లీలామహల్ కూడలి దగ్గర వ్యాను ఎక్కినవారు ఎనిమిది మంది సభ్యులు, ఒక తల్లి. మాఘమాసం, పెళ్లిళ్లు ఉంటాయని నాకూ తెలుసు. కానీ పదకొండు మంది సభ్యుల దగ్గరి బంధువులకు ఒకే ముహూర్తాన పెళ్లి కావడం పంచాంగంలో కూడా అరుదైన యోగమే. ఇద్దరు సభ్యులు కారులో నేరుగా పైకి వచ్చి కలుస్తామన్నారు. వచ్చారు కూడా, మధ్యాహ్న భోజనం వేళకు. వారికి ధన్యవాదాలు, పులిహోర వారికీ సరిపోయింది.

దారిలో కనుమ దగ్గర రాత్రి గస్తీవారు వ్యాను ఆపారు. దుప్పటిలో చుట్టిన యాగీని విప్పమన్నారు. విప్పగానే టేపులు టపటపమని లేచాయి, ఇద్దరు కానిస్టేబుళ్లు వెనక్కి దూకారు. తరువాత నలభై నిమిషాలు లైసెన్సులు చూపించడంతో సరిపోయింది. వారి తప్పేమీ లేదు. లైసెన్సు నకలు దగ్గర ఉంచుకోమని మూడుసార్లు సందేశం పెట్టినా ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంచి వచ్చిన సభ్యుడిది తప్పు. ఆయనకు అది బాగా గుర్తుండిపోయిందనుకుంటాను.

పీలేరులో టీ తాగి, వాయల్పాడు, మదనపల్లె దాటి కొండ కిందికి చేరేసరికి ఆరున్నర. చలి బాగానే ఉంది. వ్యానును కిందే వదిలేశాం. డ్రైవరు చాలాసేపు మమ్మల్ని అనుమానంగా చూశాడు. రోడ్డు మీద కార్లలో పోయేవారు ఆపి "ఎక్కండి, దించుతాం" అనేవారు. మొదటి గంటలో వద్దని చెప్పడం గర్వంగా ఉండేది. మూడో గంటలో చెప్పడం మానేసి తల ఊపాం. పైకి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది.

గాలిబండల దగ్గర స్టేషను పెడదామని ముందు అనుకున్నాం. ఆ పేరు ఊరికే రాలేదు. మొదటి గేలం కర్ర కొస పది నిమిషాల్లో విరిగింది. ఫోనులో ఎత్తు చూసుకుని ఇంకాస్త పైన, రెండు బండల మధ్య గాలి తగలని చోటు వెతుక్కున్నాం. బండ మీద మేకులు దిగవు కాబట్టి కర్రకు కట్టిన తాళ్లను రాళ్లకు చుట్టాం. రాయి చాలని చోట చంద్రగిరి సభ్యుడు ఒకరు తాడు పట్టుకుని గంటన్నర నిలబడ్డారు. ఒకరు పొడవాటి వైరును 'కల్యాణి' చెట్టు మీదికి విసురుదామన్నారు. 1859లో నాటారని చెప్పే ఆ యూకలిప్టస్ చెట్టును చూడటానికి జనం వస్తారు, వైరు ఆరేయడానికి కాదు. ఆ ప్రతిపాదనను అక్కడికక్కడే తోసిపుచ్చాను.

తొమ్మిది యాభై ఐదుకు 145.500 మెగాహెర్ట్జ్ మీద మొదటి సీక్యూ (ఎవరైనా వింటున్నారా అన్న పిలుపు) పిలిచింది చంద్రగిరి నుంచి వచ్చే ఇంటర్ అమ్మాయి. లైసెన్సు వచ్చి మూడు వారాలే అయింది. ఇంట్లో ఒక్కసారీ మైకు నొక్కలేదట. నొక్కింది, కాల్‌సైన్ సగం చెప్పి ఆగిపోయింది, మళ్లీ చెప్పింది. రెండు సెకన్లలో బెంగళూరు నుంచి ఒకాయన జవాబిచ్చాడు. ఆమె రిపోర్టు (అవతలి గొంతు ఎంత బాగా అందుతోందో) చెప్పడం మరచిపోయి "సార్, నిజంగా వినపడుతోందా?" అని అడిగింది. ఆయన నవ్వు మా అందరికీ వినపడింది. పదకొండు నిమిషాల్లో నాలుగు స్టేషన్లూ పూర్తయ్యాయి. అంటే నియమం ప్రకారం కొండ మనదైంది.

ఆ అమ్మాయికి తోడు వచ్చిన తల్లి గురించి ఇక్కడే చెప్పాలి. ఆవిడకు లైసెన్సు లేదు కాబట్టి మైకు ముట్టుకోలేదు, ఆ నియమం విషయంలో నేను ఎవరికీ సడలించను. ఆవిడ లాగ్ పుస్తకం తీసుకుని బండ మీద కూర్చుంది. సమయం, ఫ్రీక్వెన్సీ, కాల్‌సైన్, ఇచ్చిన రిపోర్టు, వచ్చిన రిపోర్టు, ఒక్క కొట్టివేత లేకుండా సాయంత్రం దాకా రాసింది. మన సభ్యులు ఇళ్లలో రాసుకునే లాగులు నేను చూశాను. ఆవిడకు గౌరవ సభ్యత్వం ఇవ్వాలని ఈ సమావేశం ముందు ప్రతిపాదిస్తున్నాను.

పదిన్నరకు అసలు ఘట్టం. ముందే అనుకున్న ప్రకారం కర్ణాటక మిత్రులు ఇద్దరు నంది కొండ ఎక్కి ఉన్నారు. అది 1,478 మీటర్లు, మనకు వాయవ్యం కాదు, పడమరకు కాస్త దక్షిణంగా, తిన్నగా గీత గీస్తే ఎనభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ("వాయవ్యం" అన్నది నేనే. యాగీని తప్పు దిక్కుకు తిప్పించి పది నిమిషాలు వృథా చేశాను. దిక్సూచి తెచ్చినవారు కోశాధికారి గారు.) యాగీ అటు తిరగ్గానే వారి గొంతు పక్క గదిలో మాట్లాడినట్టు వచ్చింది. ఐదు వాట్ల నుంచి తగ్గించుకుంటూ వచ్చాం. అర వాటు దగ్గర కూడా అక్షరం పోలేదు. జేబులో పెట్టుకునే టార్చిలైటు తినేంత విద్యుత్తు కూడా కాదది. శిఖరం నుంచి శిఖరానికి మాట్లాడటం అంటే ఇదేనని పుస్తకాల్లో చదవడం వేరు, ఎదురుగా ఆ కొండల వరుస చూస్తూ వినడం వేరు.

ఇక తిరుపతి సంగతి. ఉపాధ్యక్షుల వారి మేడ మీద పెద్ద యాంటెనాతో ఆరుగురు సభ్యులు మన పిలుపు కోసం కూర్చున్నారు. రెండు మీటర్ల బ్యాండులో మేము ఎంత అరిచినా వారికి గరగర తప్ప ఏమీ అందలేదు. బెంగళూరుకు అందింది, నంది కొండకు అందింది, సొంత ఊరికి అందలేదు. కారణం తేలికైనదే. ఆ తరంగాలు వెలుతురులా తిన్నగా పోతాయి. మనకు, తిరుపతికి మధ్య భాకరాపేట వైపు కొండలు అడ్డం ఉన్నాయి.

అప్పుడు రేణిగుంట పెద్దాయన 40 మీటర్ల డైపోలును తీయించారు. ఇరవై మీటర్ల వైరు, మధ్యలో కర్ర, రెండు కొసలూ నేలకు మనిషెత్తులో పొదలకు కట్టాం. యాంటెనా అంటే ఎత్తుగా ఉండాలి కదా అని కుర్రవాళ్లు అడిగారు. వద్దన్నారాయన. ఇంత కిందికి కడితే తరంగం నేరుగా నెత్తి మీదికి లేచి, ఆకాశంలో అయనోవరణానికి తగిలి, చుట్టూ వందల కిలోమీటర్ల మేర వానలా దిగుతుంది. మధ్యలో ఏ కొండ ఉన్నా దానికి పట్టదు. 7 మెగాహెర్ట్జ్ మీద ఐదు వాట్లతో పిలిచాం. రెండో పిలుపుకే తిరుపతి మేడ మీద నుంచి ఆరుగురూ ఒకేసారి అరిచారు. ఒకరి మీద ఒకరు మాట్లాడటంతో ఎవరి కాల్‌సైనూ అర్థం కాలేదు, అయినా ఎవరికీ కోపం రాలేదు. ధ్వని అంత బలంగా లేదు, మధ్యాహ్నం కావడంతో ఇంకా బలహీనపడింది. కానీ ప్రతి మాటా అందింది. 110 కిలోమీటర్ల దూరంలోని ఊరికి మాట పంపడానికి ఆకాశం దాకా పోయి రావలసి వచ్చింది. కనుమలు తెగి, సెల్ టవర్లు పడిపోయిన రోజున తిరుపతికి, మదనపల్లెకు మధ్య ఏ సాధనం పనికొస్తుందో ఆ పూట మాకు తెలిసింది. రెండు వందల రూపాయల వైరు, కట్టడం తెలిసిన మనిషి. అంతే.

మధ్యాహ్నం పులిహోర సంచి ఒకటి కోతులు పట్టుకుపోయాయి. దాని వెనుక పరుగెత్తిన సభ్యుడికి లాభం లేకపోయింది. మూడు గంటలకు పెద్దాయన మోర్స్ కీ తీశారు. 21 మెగాహెర్ట్జ్ మీద ఇటలీ, బల్గేరియా దొరికాయి. ఉదయం కుర్రవాళ్లు మాటలతో జపాను, ఇండోనేసియా పట్టారు గానీ, ఐదు వాట్లతో యూరప్ చేరడం మోర్స్ వల్లే అయింది. విహారానికి వచ్చిన ఒక కుటుంబం ఆ టిక్కు టిక్కు విని పావుగంట నిలబడిపోయింది. వారి అబ్బాయి "ఇది ఏ యాప్?" అని అడిగాడు. పెద్దాయన కీ ఆపకుండానే "వేలు" అన్నారు. సినిమా షూటింగా, డ్రోనా, వాతావరణ శాఖా అని అడిగినవారు ఇరవై మందికి తక్కువ ఉండరు. అందరికీ ఓపికగా చెప్పిన కోశాధికారి గారికి కృతజ్ఞతలు. ఆయన గొంతు మరునాడు పనిచేయలేదు.

మొత్తం 42 సంభాషణలు: రెండు మీటర్లలో 21, నలభైలో 13, మిగతా బ్యాండ్లలో 8. మాట్లాడినట్టు రుజువుగా పంపే క్యూఎస్ఎల్ కార్డులు అచ్చయ్యాయి, పంపవలసినవారు పంపుతున్నారు. దిగేటప్పుడు ఒక సభ్యుడి చీలమండ మడతపడింది. పుత్తూరు తమ్ముడు వెంట ఉండగా వేరే ఆలోచన ఎందుకు? తిరుగు దారిలో ఏమీ అడగకుండా వ్యానును పుత్తూరు వైపు తిప్పించి కట్టు కట్టించాడు. రాత్రి పదకొండున్నరకు ఇల్లు చేరాం. కట్టు విప్పారు, ఆయన ఈ రోజు నడిచే వచ్చారు.

మిగిలిన పనులు

ఫెంగల్ తుఫాను 2024 నవంబరు 30 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు కూడా వానలు గట్టిగా పడ్డాయి. ఆ రెండు రోజులూ 40 మీటర్ల మీద నెట్ తెరిచి ఉంచాం. మన అవసరం ఎవరికీ రాలేదు, అది మంచిదే. కానీ రాత్రి పాళీలకు పేర్లిచ్చిన పన్నెండు మందిలో మేలుకున్నది నలుగురు. వాన ముంచుకొచ్చినప్పుడు సెట్టు దగ్గర కూర్చునే మనిషి లేకపోతే, మన సంఘం గోడ మీది సర్టిఫికెట్లన్నీ ఎందుకు?

విపత్తు సమయాల్లో మన సేవలు వాడుకోమంటూ ఇచ్చిన వినతిపత్రం ఒక కార్యాలయంలో ఇంకా పరిశీలనలో ఉంది. ఒక అధికారి మాత్రం ఓపికగా విని, మన ప్రదర్శనకు రావడానికి ఒప్పుకున్నారు. ఆ మరుసటి వారమే ఆయనకు బదిలీ అయింది.

అక్టోబరు మూడో వారాంతంలో స్కౌట్ల రేడియో జాంబోరీకి రెండు పాఠశాలల పిల్లలు వచ్చారు. హామ్‌శాట్ ఉపగ్రహం గురించి చెప్పాం. 2005 మే 5న మన శ్రీహరికోట నుంచే కార్టోశాట్-1తో పాటు ఎగిరి, హాముల కోసమే తొమ్మిదేళ్లు పనిచేసిన 42.5 కిలోల పెట్టె అది. ఇప్పుడు శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోదే అని చెప్పగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో సమాఖ్య 1925 ఏప్రిల్ 18న పారిస్‌లో ఏర్పడింది. దాని నూరేళ్ల పండుగ ఈ ఏప్రిల్‌లో జరిపాం గానీ అది వచ్చే ఏటి నివేదికలోకి వస్తుంది.

లెక్కలు

నిరుటి నిల్వ రూ. 6,215. చందాలు 29 మంది నుంచి రూ. 17,400. విరాళాలు రూ. 8,000. ఖర్చు రూ. 27,940. చేతిలో ఉన్నది రూ. 3,675. గది అద్దె, బ్యాటరీ, వ్యాను ఇందులో పెద్దవి. వివరాలు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, చూడదలచినవారు చూడవచ్చు. సభ్యులు 46 మంది కాగా చందా కట్టినవారు 29 మంది అన్న అంకె మీద ప్రశ్నలుంటే, కట్టినవారు అడిగితే బాగుంటుంది.

కృతజ్ఞతలు

వర్షంలోనూ తలుపు తీసి పెట్టే మన గది యజమానురాలికి, మేడ ఇచ్చిన ఉపాధ్యక్షుల వారికి, ఆ మేడ మీదికి ఆరుగురికి ఆరు గంటల పాటు కాఫీలు పంపిన వారి సతీమణికి, మోర్స్ నేర్పుతున్న పెద్దాయనకు, తాడు పట్టుకుని నిలబడిన చంద్రగిరి సభ్యుడికి, టేపు కోసి ఇచ్చిన దుకాణదారుకు, నంది కొండ ఎక్కిన కర్ణాటక మిత్రులకు, గస్తీలో మాటలు తూలకుండా తనిఖీ చేసిన సిబ్బందికి, పెద్ద ఫ్లాస్కు ఇచ్చిన పీలేరు టీ కొట్టు అన్నకు, మా కోసం రాత్రి దాకా ఆగిన వ్యాను డ్రైవరుకు సంఘం తరఫున నమస్కారాలు. ఎవరినైనా మరచిపోతే అది నా పొరపాటు, సమావేశం తరువాత చెబితే వచ్చే ఏడాది రెండుసార్లు రాస్తాను.

వచ్చే ఏడాది డిసెంబరు, జనవరి మధ్య మరో కొండ ఎక్కాలని కార్యవర్గం అనుకుంటోంది. ఏ కొండ అన్నది అనుమతుల మీద ఆధారపడి ఉంటుంది. ఈసారి చేతులెత్తేవారి దగ్గర వ్యాను ఖర్చు ముందే తీసుకుంటాం, తిరిగి ఇవ్వం. సాధన శ్రీవారి మెట్టు మీదే, నవంబరు మొదటి ఆదివారం ఉదయం ఐదు గంటలకు మొదలవుతుంది. సీసాలు ఎవరివి వారే తెచ్చుకోవాలి.

చివరగా ఒక విన్నపం. యాత్రకు కొన్న రెండు గేలం కర్రలలో కొస విరిగినది గదిలోనే ఉంది. బాగున్న రెండోది ఫిబ్రవరి 10 నుంచి కనిపించడం లేదు. ఎవరి ఇంట్లో ఉన్నా వచ్చే ఆదివారం నెట్ లోపు తెచ్చి గదిలో పెట్టగలరు. ఎవరు తెచ్చారని అడగను.

ఇట్లు,
కార్యదర్శి